ఎముకల్లేని గొర్రె

పళ్ళెం నిండా మాంసం ఉంది గానీ అందులో ఒక్క ఎముక కూడా లేదు.

సైరకన్ తన కళ్ళని తానే నమ్మలేకపోయింది. గరిట పెట్టి పై ముక్కలు పక్కకి జరిపింది. అడుగున వెతికింది. పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వేలెడు మందాన ఒకే కొలతలో కోసిన మెత్తటి ముక్కలు, వాటి మీద దానిమ్మ గింజలు, చుట్టూ కొత్తిమీర, ఓ మూల టమాటా తొక్కతో చేసిన గులాబీ. ఇది గొర్రె అని చెప్పడానికి వాసన ఒక్కటే మిగిలింది.

"ఏంటిది?" అని అడిగింది.

"మీ గొర్రేనమ్మా," అన్నాడు హోటలు యజమాని హికమత్. అంత పళ్ళెం స్వయంగా మోసుకొచ్చాడు కదా, మెచ్చుకుంటారని చూస్తున్నాడు. "నిండు గొర్రె. పొద్దున్నే కోయించాం. ఎముకలన్నీ తీయించేశాను. మీ వయసు వాళ్ళకి కొరకడం కష్టం కదా."

సైరకన్‌కి ఒళ్ళు భగ్గుమంది. యాభై తొమ్మిదేళ్ళ మనిషిని పట్టుకుని పళ్ళూడిన ముసలిదాన్ని చేశాడని కాదు. ఎదురుగా, గుమ్మానికి దూరంగా, పెద్దల చోట్లో బురుల్చా కూర్చుని ఉంది. ఆరేళ్ళుగా తనతో మాట్లాడని బురుల్చా. ఆమె ముందు ఖాళీ కంచం ఉంది. ఆ కంచంలో సైరకన్ తన చేతులతో పెట్టాల్సిన ఎముక ఒకటుంది. దాని కోసమే కిర్గిజు కొండల్లో నారిన్ దగ్గరి పల్లె నుంచి ఇంత దూరం, దేశం సరిహద్దు దాటి, రెండు రోజులు బస్సులో నడుములు విరగ్గొట్టుకుని సమర్‌ఖండ్ వచ్చింది.

అసలు సంగతి చెప్పకపోతే ఈ కోపం మీకు తిక్కలా కనిపిస్తుంది. అందుకని చెబుతాను.

మా నారిన్ వైపు గొర్రెని కోస్తే పన్నెండు ఎముకల ముక్కలు చేస్తారు. గొడ్డలి తగలకూడదు. కీలు ఎక్కడుందో చూసి కత్తితో విడదీయాలి. ఏ ముక్క ఎవరి ముందు పెట్టాలో వయసు చెబుతుంది. ఆడవాళ్ళలో పెద్దామెకి తోకమొదలు ముక్క, తోక కొవ్వుతో సహా. చిన్నవాళ్ళకి, నిన్న మొన్న వచ్చిన కోడళ్ళకి ముంగాలి ఎముక. ఇందులో పొరపాటు జరిగితే తిండి పొరపాటు అనరు, మనిషిని చులకన చేశారంటారు.

సైరకన్, బురుల్చా, మరీపా, అనార్కుల్ ఒకే బడిలో ఒకే తరగతి. చలికాలమంతా వంతులవారీగా ఒకరింట్లో ఒకరు గొర్రె కోసి విందు చేసుకునేవాళ్ళు, ముప్ఫై ఏళ్ళ పాటు ఒక్క చలికాలం తప్పలేదు. నలుగురిలో బురుల్చా రెండు నెలలు పెద్ద. రెండు నెలలైతేనేం, పెద్ద పెద్దే. ఎవరింట్లో విందైనా తోకమొదలు ముక్క ఆమెదే. ఊరి ఆసుపత్రిలో నర్సు. ముక్కుసూటి మనిషి, మొహం మీద అనేస్తుంది.

ఏడేళ్ళ కిందట గడ్డి కోతల్లో సైరకన్ భర్త జుమాదిల్‌కి కడుపునొప్పి వచ్చింది. బురుల్చా వచ్చి పొట్ట నొక్కి చూసి, "ఇవాళే నారిన్ పట్నం తీసుకెళ్ళండి, రేపు కూడా వద్దు" అంది. పైన మబ్బు పట్టి ఉంది. కోసిన గడ్డి నేల మీద ఉంది. కోత అయ్యాక వెళదాంలే అన్నాడు జుమాదిల్, సరేలే అంది సైరకన్. కోత పదకొండు రోజులకి అయింది. అప్పటికి ఆయన లేవలేని స్థితికి వచ్చాడు. నారిన్ ఆసుపత్రిలో రెండు రోజులు కూడా ఉండలేదు.

తరవాత ఎక్కడో నలుగురిలో మాట వస్తే బురుల్చా అన్నదట: "పదకొండు రోజుల ముందు కదిలించి ఉంటే మనిషి దక్కేవాడు." ఆ మాట ఇల్లిల్లూ తిరిగి సైరకన్ చెవిన పడింది. అబద్ధమైతే మరిచిపోయేది. నిజం కాబట్టి కడుపులో పెట్టుకుని ఏడాది పాటు రగిలిపోయింది.

ఏడాది తిరిగాక సంవత్సరీకం విందు. రెండొందల మంది వచ్చారు. మాంసం పంచేది జుమాదిల్ అన్న తెమిర్. సైరకన్ వంట గుడారంలోకి వెళ్ళి ఆయన చెవిలో చెప్పింది: "బావా, బురుల్చాకి ముంగాలి ఎముక వెయ్యి." ఆయన తలెత్తి చూశాడు. "వెయ్యమన్నానుగా," అంది. ఇంటి యజమానురాలు, ఏడాది దుఃఖం మీద ఉన్న మనిషి, ఆయన ఏమంటాడు. వేశాడు.

బురుల్చా కంచంలోకి చూసింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు కూడా చూశారు. ఆమె కంచం పక్కకి జరిపింది. లేచి, చెప్పులు వేసుకుని, కొండ దాటి కూతురింటికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ ఊళ్ళో కాపురమే మానేసింది.

తెమిర్‌కి కళ్ళల్లో పొర ఉంది, చూసుకోక వేసి ఉంటాడు అన్నారు జనం. సైరకన్ కాదనలేదు. చిత్రమేమిటంటే తెమిర్ కూడా కాదనలేదు. అడిగినవాళ్ళందరికీ "అవును, కళ్ళు కనపడక పొరపాటు పడ్డాను" అనే చెప్పాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఆ నిజం తెలిసిన మనిషి సైరకన్ ఒక్కతే.

ఇదీ సంగతి. ఈ ప్రయాణం మరీపా ఆలోచన. సంతల్లో ఉన్ని నమదా తివాచీలు అమ్మి అమ్మి నోరు బాగా నేర్చిన మనిషి. "నీ ఇంటి కప్పు కింద మెతుకు ముట్టనని ఒట్టేసుకుంది కదా అది, సమర్‌ఖండ్‌లో కప్పు నీది కాదుగా," అని సైరకన్‌ని లేపింది. బురుల్చా దగ్గరికి వెళ్ళి, "సైరకన్ అక్కడ గొర్రె పెడుతుంది, వస్తావా రావా, ఒక్క మాట చెప్పు," అంది. బురుల్చా "చూద్దాం," అంది. మరీపా దాన్ని వస్తాననే లెక్కలో వేసుకుంది.

బురుల్చా వచ్చింది గానీ దారంతా సైరకన్ వైపు చూడలేదు. "మరీపా, కిటికీ మూయమని ఆవిడకి చెప్పు." "అనార్కుల్, ఆవిడ సంచీ నా కాలికి తగులుతోందని చెప్పు." ఆవిడ అంటే బడిలో ఒకే బెంచీలో పదేళ్ళు పక్కన కూర్చున్న సైరకన్. అనార్కుల్ మొదట్లో ఆ మాటలు ఓపిగ్గా మోసింది, తాష్కెంట్ దాటేసరికి విసుగొచ్చింది. "నేనేమన్నా పోస్టాఫీసునా? ఇద్దరూ అరచెయ్యి దూరంలో ఉన్నారు, మీరే చెప్పుకు చావండి," అంది. ఆ మాటతో ఇద్దరూ నోరు మూసుకున్నారు.

సైరకన్ లెక్క ఒకటే. నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు. తోకమొదలు ఎముక రెండు చేతులా పట్టుకుని బురుల్చా ముందు పెడితే చాలు. ఆమె తీసుకుంటే అయిపోయింది, ఆరేళ్ళూ చెరిగిపోతాయి. తెమిర్ పొరపాటు తెమిర్‌తో పాటే మట్టిలో ఉంటుంది. ఎవరు తవ్వొచ్చారు. వారం ముందు నుంచే ఈ హోటలుకి మూడుసార్లు ఫోన్ చేసింది. నిండు గొర్రె, నీళ్ళల్లో ఉడికించాలి, ఎముకలతో, కీళ్ళ దగ్గర కోయాలి, తోకమొదలు విడిగా పెట్టాలి అని ఒకటికి పదిసార్లు చెప్పింది. "మాకు తెలియదా అమ్మా, కిర్గిజు వాళ్ళు ఎంతమంది వస్తారు మా దగ్గరికి," అన్నాడు ఈ హికమతే.

ఆ తెలివి ఇప్పుడు పళ్ళెంలో కనిపిస్తోంది.

నిజానికి అంతకుముందే భోజనం చెడిపోవడం మొదలైంది. బల్ల నీలం పలకల గోడ పక్కన ఇస్తానని చెప్పి, వంటింటి తలుపు పక్కన ఇచ్చారు. ఎవరు లోపలికి వెళ్ళినా మరీపా కుర్చీకి తగులుతున్నారు. రొట్టె పొద్దుటిది. విరిస్తే విరగలేదు, మరీపా దాన్ని బల్ల అంచుకి కొట్టి, "ఇల్లు కట్టుకోవచ్చే దీంతో," అంది. టీ గోరువెచ్చగా ఉంది. పక్క హాల్లో ఎవరో పర్యాటకుల కోసం డప్పులూ తాళాలూ మోగుతున్నాయి, నాలుగు మాటలు చెప్పాలంటే గొంతు చించుకోవాలి. సైరకన్ అన్నిటినీ ఓర్చుకుంది. గొర్రె వస్తే చాలనుకుంది. గొర్రె ఇలా వచ్చింది.

"ఎముకలు ఏవి?" అంది సైరకన్.

"తీసేశామమ్మా, చెప్పాను కదా."

"తీసేసినవి ఎక్కడున్నాయని అడుగుతున్నాను."

హికమత్ మొహంలో నవ్వు కొంచెం సడలింది. "వంటింట్లో. ఎందుకమ్మా? మాంసం మెత్తగా ఉంది, ఒక్క ముక్క రుచి చూడండి."

"బాబూ, నేను ఫోన్లో ఏమని చెప్పాను?"

"ఎముకలతో అన్నారు. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్ళు అందరూ..."

"అందరి సంగతి నాకొద్దు. నేను ఏమని చెప్పాను?"

"అమ్మా, పెద్దవారు మీరు, ఎముక కోసం ఇంత..."

"నోర్ముయ్," అంది సైరకన్. గట్టిగా అనలేదు. పక్క బల్ల వాళ్ళు మాత్రం చెంచాలు దించారు. "మూడుసార్లు చెప్పించుకుని, మూడుసార్లు తెలుసన్నావు. తెలియకపోతే తెలియదనొచ్చు కదా, నేనింకో చోటు చూసుకునేదాన్ని. గొర్రె కోయడం చేతగానివాడివి గొర్రె పెడతానని ఎందుకు ఒప్పుకున్నావు?"

"సైరకన్, పోనివ్వవే," అంది మరీపా, చెయ్యి పట్టుకుని లాగుతూ. "మాంసమే కదా, ఎలాగోలా తిందాం. ఈయన గారి గులాబీ పువ్వు నేను తింటాలే."

"నువ్వు ఊరుకో."

అనార్కుల్ మెల్లిగా బురుల్చా వైపు చూసింది. బురుల్చా పళ్ళేన్ని చూస్తోంది. ఆ మొహంలో ఏముందో ఎవరికీ తెలియలేదు. సైరకన్‌కి మాత్రం తెలిసినట్టే అనిపించింది, అదే ఆమెని ఇంకా మండించింది. ఈ మనిషికి ఇప్పుడు తను మళ్ళీ చులకన చేసే కంచం పెట్టింది. అప్పుడు తక్కువ ఎముక, ఇప్పుడు అసలే లేదు. ఇంటికి వెళ్ళి కూతురితో ఏమని చెప్పుకుంటుంది, సమర్‌ఖండ్ దాకా లాక్కెళ్ళి మరీ అవమానించిందని చెప్పుకోదూ?

సైరకన్ లేచి వంటింటి తలుపు తోసింది.

హికమత్ వెనకాల "అమ్మా, లోపలికి రాకూడదు, రాకూడదు," అంటూ వచ్చాడు. ఆమె ఆగలేదు. లోపల ఆవిరి, మసాలా, కాలిన నూనె. తెల్ల టోపీ పెట్టుకున్న లావుపాటి వంటాయన ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తాడు. పొయ్యి మీద నడుమెత్తు తపేలా ఒకటి తెర్లుతోంది. సైరకన్ మూత తీసింది. మూత చెయ్యి కాల్చింది, అయినా వదల్లేదు.

గొర్రె అందులో ఉంది. రేపటి సూపు కోసం. పక్కటెముకలు, భుజం రెక్క, కాళ్ళ ఎముకలు అన్నీ ముక్కలు ముక్కలు. ఆమె గరిట తీసుకుని కలిపింది, వెతికింది. తోకమొదలు ఎముక దొరికింది. మూడు ముక్కలుగా దొరికింది. అంచుల్లో గొడ్డలి దెబ్బ తెల్లగా, పదునుగా కనిపిస్తోంది.

"దీన్ని ఎవరు నరికారు?"

"నేనే," అన్నాడు వంటాయన. "తపేలాలో పట్టాలి కదమ్మా."

"గొడ్డలితోనా?"

"ఇంక దేనితో నరుకుతారు?"

సైరకన్‌కి ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది, కళ్ళల్లో ఆగదు, ముక్కులోకి దిగుతుంది. ఆయన్ని తిట్టాలని నోరు తెరిచింది, తిట్టు దొరకలేదు. వాడి తప్పేముంది. వాడికి ఎముకంటే సూపు. చేతులు కాలుతుంటే గరిటతో ఆ మూడు ముక్కలూ తీసి ఓ కంచంలో వేసుకుంది. కొవ్వు కరిగి పోయింది, మాంసం పోయింది, మిగిలింది బోసి ఎముక. హికమత్ తలుపు దగ్గర నిలబడి తప్పుకోవాలో ఆపాలో తెలియక చూస్తున్నాడు. ఆమె ఆయన్ని భుజంతో తోసుకుంటూ బయటికి వచ్చింది.

ఆ కంచం తెచ్చి బురుల్చా ముందు పెట్టింది. రెండు చేతులతోనే పెట్టింది, అనుకున్నట్టే. అనుకున్నట్టు అయింది అదొక్కటే.

"ఇది నీది," అంది. "గొడ్డలితో నరికారు. నేను కీళ్ళ దగ్గర కోయమన్నాను. మూడుసార్లు చెప్పాను."

మరీపా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. బురుల్చా ఆ మూడు ముక్కలనీ చూసింది. ఒక ముక్కని వేలితో తిప్పి, రెండోదాని పక్కన చేర్చి చూసింది, విరిగిన చెయ్యి కట్టేముందు చూసే అలవాటుతో. తరవాత తలెత్తి, ఆరేళ్ళలో మొదటిసారి, సైరకన్ కళ్ళల్లోకి చూసింది.

"వదిలెయ్యి సైరకన్," అంది. "చెయ్యి కాల్చుకున్నావు, ముందు నీళ్ళల్లో పెట్టు. ఆ రోజు ముసలాయన కళ్ళు కనపడక చేసిన పనికి, నీ ఇంట్లో జరిగిందని నీ మీద ఇన్నేళ్ళు కోపం పట్టుకు కూర్చోవడం నాదీ తప్పే. నీదేముంది. వదిలెయ్యి."

అనార్కుల్ గట్టిగా ఊపిరి వదిలింది. మరీపా అప్పటికే టీ కప్పులు దగ్గరికి లాగి పోయడం మొదలుపెట్టింది, "హమ్మయ్య, ఇప్పుడు ఆ రాయిలాంటి రొట్టె కూడా దిగుతుంది నాకు," అంటోంది. అయిపోయింది. సైరకన్ కోరుకున్నది దొరికింది. ఎముక లేకపోయినా దొరికింది, ఇంకా సులువుగా దొరికింది. ఇప్పుడు చేయాల్సిందల్లా కూర్చుని, కాలిన చెయ్యి నీళ్ళల్లో పెట్టుకుని, ఆ చల్లారిన టీ తాగడమే.

ఆమె కూర్చోలేకపోయింది. ఇందాకటి నుంచీ హికమత్ మీద, వంటాయన మీద, టమాటా గులాబీ మీద ఎగిసిన కోపమంతా ఎవరి మీదో అప్పుడు తెలిసింది. నీదేముంది అన్న ఆ మాట తనకి చెందదు. చచ్చిపోయిన మనిషి మీద బరువు వేసి, ఆ బరువు మీదే కూర్చుని టీ తాగాలి. ఎంత సిగ్గు తప్పిన బతుకు.

"తెమిర్ బావ కళ్ళు ఆ రోజు బాగానే ఉన్నాయి," అంది.

మరీపా పోస్తున్న టీ ఆపింది.

"ఏంటి?" అంది బురుల్చా.

"పొరపాటు కాదు. నేనే వెయ్యమన్నాను. వంట గుడారంలోకి వెళ్ళి, చెవిలో చెప్పి వేయించాను. ఆయన వద్దన్నట్టు చూశాడు, నేను రెండోసారి చెప్పాను." ఒకసారి మొదలయ్యాక మాటలు వాటంతట అవే వచ్చాయి. "నువ్వు పదకొండు రోజులన్నావు చూడు, అందుకు. నువ్వన్నది నిజం. గడ్డి తడిసిపోతుందని ఆగాం. ఆయన కడుపు పట్టుకుని గడ్డి మోపులు కట్టాడు, నేను పక్కనే ఉండి చూశాను. నన్ను ఎవరూ ఆ మాట అనలేదు, నువ్వొక్కదానివే అన్నావు. అందుకే నీకు ముంగాలి ఎముక వేయించాను."

పక్క హాల్లో డప్పులు ఆగి, జనం చప్పట్లు కొట్టారు.

"మళ్ళీ చెప్పు," అంది బురుల్చా.

"నేనే వెయ్యమన్నాను."

"తెమిర్ అన్నకి కళ్ళు కనపడ్డాయి."

"కనపడ్డాయి."

బురుల్చా మొహం ఎర్రబడటం చూస్తూ ఉండగానే మొదలైంది, మెడ దగ్గర నుంచి పైకి. "నేను ఆయనకి ఫోన్ చేశాను, తెలుసా నీకు? ఆ రోజు రాత్రే చేశాను. ఎందుకిలా చేశావన్నా అని అడిగాను. కళ్ళు కనపడలేదమ్మా, క్షమించు అన్నాడు. నేనేమన్నానో తెలుసా? కళ్ళు లేనివాడు కత్తి ఎందుకు పట్టాలి అన్నాను. ఆ మాట అని ఫోన్ పెట్టేశాను. మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు."

సైరకన్‌కి ఈ సంగతి తెలియదు. తెమిర్ చెప్పలేదు.

"ఇరవై ఏళ్ళు," అంది బురుల్చా. గొంతు పెరిగింది. "ఇరవై చలికాలాలు ఆ మనిషి నన్ను తన గుర్రం మీద కూర్చోబెట్టి, కళ్ళెం పట్టుకుని మంచులో తను నడిచి, పురుళ్ళకి తీసుకెళ్ళాడు. ఏ అర్ధరాత్రి పిలిచినా రానన్న మనిషి కాదు. ఆయన పోయాడని కబురు వచ్చినప్పుడు నేను పిండి కలుపుతున్నాను. చేతులు కూడా కడుక్కోలేదు. రెండొందల మందిలో నన్ను నిన్న మొన్నటి కోడలిపిల్లని చేసినవాడు, నేనెందుకు వెళ్ళాలి అనుకున్నాను. ఆయన్ని మట్టి చేస్తుంటే నేను రొట్టెలు కాల్చుకుంటూ కూర్చున్నాను. అది తెలుసా నీకు?"

"నువ్వు రాలేదని తెలుసు."

"తెలిసి ఏం చేశావు?"

తెమిర్ ఖననం రోజు సైరకన్ ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఏడుస్తూ, బురుల్చా వస్తుందేమోనని దారి వైపు చూసింది. రానందుకు లోపల ఎక్కడో తేలికపడింది కూడా. వస్తే ఎవరైనా ఆ మాట ఎత్తుతారని భయం. ఆ తేలికపాటు గుర్తొచ్చి ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏం చేయలేదు," అంది.

సరిగ్గా అప్పుడే హికమత్ వచ్చాడు. చేతిలో ఇంకో పళ్ళెం, దాని మీద తేనె రొట్టెలు, పండ్ల ముక్కలు, మళ్ళీ ఇంకో గులాబీ పువ్వు. "అమ్మా, జరిగినదానికి మా తరఫున ఒక చిన్న తీపి..."

"పో అవతలికి," అన్నారు బురుల్చా, సైరకన్ ఇద్దరూ. ఆయన వచ్చినంత వేగంగా వెళ్ళిపోయాడు.

బురుల్చా లేచింది. కుర్చీ వెనక వేలాడుతున్న కోటు తీసుకుని ఒక చెయ్యి దూర్చింది. రెండో చెయ్యి తొందరలో దొరక్క అల్లాడింది. వెళ్ళిపోతోంది. ఆ రోజు చెప్పులు వేసుకుని వెళ్ళినట్టే వెళ్ళిపోతోంది, ఈసారి నిజం తెలిసి వెళుతోంది, ఇంక ఏ గొర్రె పెట్టినా రాదు. సరే, వెళ్ళనీ, ఆమెకి ఆ హక్కు ఉంది అనుకుంది సైరకన్.

"అది కోటు వేసుకోవడానికి తంటాలు పడుతోంది, చూడవే," అంది మరీపా మెల్లిగా. ఆమె గొంతులో ఇందాకటి ఎకసెక్కం లేదు. సైరకన్ కదలలేదు, ముట్టుకుంటే ఏమంటుందోనని.

బురుల్చా కోటు తొడుక్కుంది, బొత్తాలు పెట్టుకుంది. పైనుంచి కిందిదాకా, ఒక్కటీ వదలకుండా. తరవాత సైరకన్ వైపు తిరిగింది.

"లే," అంది.

"నేనా?"

"మరి ఆ గులాబీ పువ్వునా? లే. నేను నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది, ఈ దిక్కుమాలిన డప్పుల్లో నా మాట నాకే వినపడటం లేదు. బయటికి నడు."

వీధిలో ఇంకా వెలుతురు ఉంది. మల్బరీ చెట్ల కింద జనం నడుస్తున్నారు. బురుల్చా ముందు, సైరకన్ ఒక అడుగు వెనక. బురుల్చా మొదలుపెట్టింది. గడ్డి కోతతో మొదలుపెట్టింది. మొదటి రోజు తను పొట్ట నొక్కి చూసినప్పుడు జుమాదిల్ మొహం ఎలా ఉందో చెప్పింది, ఆ మొహం చూసి కూడా ఎలా ఆగారే అని అడిగింది. నాకు నోరు లేదా, నా మీద కోపం వస్తే ఇంటికొచ్చి జుట్టు పట్టుకుని అడగలేవా, ఆ మంచి మనిషిని మధ్యలోకి ఎందుకు లాగావే అంది. నీకు భయం, చిన్నప్పటి నుంచీ నీకు భయమే, తప్పు చేసి పక్కవాళ్ళ వెనక దాక్కుంటావు అంది. సంచులు మోసుకెళుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూశారు, బురుల్చా వాళ్ళ వైపు కూడా ఒక చూపు విసిరింది, వాళ్ళు నడక పెంచారు.

సైరకన్ అడుగు తప్పకుండా వెనకే నడిచింది. అన్నీ తన గురించే, అన్నీ నిజాలే. కాలిన చెయ్యి సలుపుతోంది. వెనకాల పది అడుగుల దూరంలో మరీపా, అనార్కుల్ వస్తున్నారు.

వీధి మలుపు దగ్గర బురుల్చా ఆగింది, ఆయాసపడుతూ. "నిన్ను క్షమించానని అనుకోకు," అంది. "ఇందాక క్షమించింది ఎవరినో ఇంకొకరిని. ఇంటికెళ్ళాక ముందు తెమిర్ అన్న సమాధి దగ్గరికి నడవాలి. నువ్వూ నేనూ. నువ్వు నాకు చెప్పిన మాట అక్కడ చెప్పాలి, గట్టిగా, నేను వినేట్టు. ఆ తరవాత నేను చెప్పాల్సింది నేను చెప్పుకుంటాను. నీ ఇంట్లో అడుగు పెడతానో లేదో, అది అప్పటి సంగతి."

"సరే," అంది సైరకన్.

"సరే అంటే చాలదు. వస్తావా?"

"వస్తాను."

"చెయ్యి చూపించు." బురుల్చా ఆమె మణికట్టు పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, కాలిన చోటు చూసింది. అరచేతి మీద మూత గుర్తు ఎర్రగా పొంగింది. "మందుల షాపు ఎక్కడో కనుక్కోండే," అని వెనక్కి తిరిగి అరిచి, చెయ్యి వదలకుండా మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది.